అడిగే హక్కు, అడవి పాలన: మడకశిర సరిహద్దు నుంచి చట్టసభ ప్రశ్నల చరిత్ర (1881–1937)

శాసనసభలో ఒక సభ్యుడు లేచి ఒక ప్రభుత్వ శాఖను ప్రశ్నించడం నేడు మనకు అతి సాధారణంగా కనిపించే దృశ్యం. ప్రశ్న అడిగే హక్కు చట్టసభలతో పాటే పుట్టిందని అనుకోవడమూ సహజమే. అయితే మన దేశంలో చట్టసభలకు ఆరంభంగా చెప్పుకొనే 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం సభ్యులకు ప్రశ్నించే హక్కు ఇవ్వలేదు. ముందున్న బిల్లుపై మాట్లాడటం వరకే వారి పని. ప్రశ్న 1892 చట్టంతో వచ్చింది. ఆ ప్రశ్నకు కొనసాగింపుగా మరొకటి అడిగే హక్కు 1909 సంస్కరణలతో వచ్చింది. ఆ కొనసాగింపు ప్రశ్న సభ్యులందరికీ 1919 చట్టం తరువాత అందింది. ఒక్కొక్క మెట్టుకూ దశాబ్దమో అంతకంటె ఎక్కువ కాలమో పట్టింది.

ఈ మెట్లను రాజ్యాంగ చరిత్ర గ్రంథాలు కేంద్ర మండలి వైపు నుంచి వివరిస్తాయి. వాటినే ఒక మారుమూల గ్రామం వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. ఎన్నుకొన్న గ్రామం మడకశిర ప్రాంతంలోని రొళ్ల. ఎన్నుకొన్న శాఖ అటవీ శాఖ. పంతొమ్మిదో శతాబ్దం చివరి రెండు దశాబ్దాలలో దత్తమండలాల రైతు ఇంటి గడపకు భూమిశిస్తు తరువాత అంత దగ్గరగా వచ్చిన శాఖ మరొకటి లేదు.

సరిహద్దు గ్రామం

రొళ్ల నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు అది అనంతపురం జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడివడింది. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన ప్రాంతంలో ఇదొక భాగం. మడకశిర సీమకు మూడు వైపులా మైసూరు రాజ్యమే. ఉత్తరాన పావగడ, పడమట శిర, దక్షిణాన మధుగిరి; తూర్పున హిందూపురం వైపు మాత్రమే ఇది తక్కిన జిల్లాతో కలుస్తుంది. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ ప్రాంతాలలో తెలుగుతో సమానంగా కన్నడం వినిపించడానికి కారణం ఈ భూగోళమే.

రాతి గుట్టలు, వాటి మీద ముళ్ల పొదలు, తక్కువ వాన, చెరువు కింద కొద్దిపాటి మాగాణి, తక్కినదంతా మెట్ట. ఇటువంటి సీమలో గుట్ట మీది పొద వ్యవసాయంలో భాగమే. పశువులకు మేత అక్కడిదే. మడికి వేసే పచ్చి ఆకు అక్కడిదే. నాగలికి, కాడికి, బండి చక్రానికి కొయ్య, కంచెకు కంప, పొయ్యికి పుల్ల, తోళ్లు పదును చేసేందుకు తంగేడు చెక్క, అన్నీ అక్కడివే. గొర్రెలు, మేకలు మేపుకొని, కంబళ్లు నేసి బ్రతికే కురుబలకూ గొల్లలకూ గుట్టే పొలం. వాన తప్పిన ఏడు పంట పోయినా మంద మిగిలితే ఇల్లు నిలుస్తుంది. కనుక గుట్ట మీదికి దారి మూసుకుపోతే కరవు నుంచి కాపాడే చివరి ఆసరా కూడా పోయినట్లే.

1882 చట్టం తెచ్చిన మార్పు

మద్రాసులో అటవీ శాఖ 1856లో క్లెగ్‌హార్న్ నాయకత్వాన ఏర్పడింది. అయినా తరువాతి పాతికేళ్ల పాటు ఆ రాజధానిలో సమగ్రమైన అటవీ చట్టం లేదు. దానికి కారణం ప్రభుత్వంలోనే ఉన్న భిన్నాభిప్రాయం. ప్రతి అడవీ ఏదో ఒక గ్రామపు ఎల్లలలో ఉన్నదనీ, అక్కడి జనానికి వాడుక వల్ల సంక్రమించిన హక్కులున్నాయనీ, వాటిని కాదని అడవిని ప్రభుత్వ సొత్తుగా ప్రకటించడం న్యాయం కాదనీ మద్రాసు రెవెన్యూ బోర్డు 1870ల ఆరంభంలో వాదించింది. రైతు పక్షాన పలికిన ఈ వాదం చట్టసభలో పుట్టలేదు; చట్టసభలో అటువంటి మాట పలికే అవకాశం లేని కాలంలో కార్యాలయపు దస్త్రాలలో పుట్టింది. ప్రశ్న లేని చోట పాలన తనను తానే ప్రశ్నించుకోవలసి వస్తుందనడానికి దీనిని ఉదాహరణగా తీసుకోవచ్చు.

డీట్రిక్ బ్రాండిస్ పర్యటన, సూచనల తరువాత ఆ వాదం వెనకబడింది. 1882 నాటి అయిదవ చట్టంగా మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నాలుగవ సెక్షను కింద ఫలానా భూమిని రిజర్వు చేయదలచినట్లు ప్రకటన, ఆ తరువాత హక్కుల విచారణ, పదహారవ సెక్షను కింద తుది ప్రకటన: ఇదీ క్రమం. కాగితం మీద ఇది న్యాయమైన క్రమమే. హక్కు ఉన్నవాడు గడువులోగా వచ్చి చెప్పుకోవచ్చు. అయితే తన తాత తండ్రులు మేపిన గుట్ట మీద తనకు 'హక్కు' ఉన్నదని రుజువు చేసే కాగితం ఏ గొల్ల ఇంట్లోనూ ఉండదు. గడువు దాటితే వాడుక నేరమవుతుంది. రిజర్వు కాని ప్రభుత్వ భూములలో సైతం ఇరవై ఆరవ సెక్షను కింద నిబంధనలు చేసే అధికారాన్ని ప్రభుత్వం ఉంచుకొంది.

దీనితో గ్రామంలోకి కొత్త మనుషులూ కొత్త మాటలూ ప్రవేశించాయి. గార్డు, రేంజరు, పర్మిట్, రిజర్వు, కేసు అన్నవి ఇంగ్లీషు నుంచి నేరుగా దిగాయి. పుల్లరి, బందెలదొడ్డి అన్నవి పాత మాటలే అయినా వాటి బరువు మారింది. ఊరి చేలో పడిన పశువును తోలే బందెలదొడ్డి, అడవి గీత దాటిన పశువును తోలే చోటు అయింది. మేకను అడవికి శత్రువుగా శాఖ భావించింది. చాలా రిజర్వులలోకి మేకను రానివ్వలేదు. పేదవాని పశువు మేకే కనుక ఈ నిషేధం పేదవాని మీదే ఎక్కువగా పడింది.

ఎల్లకు అవతల

రొళ్ల వంటి గ్రామానికి ఉన్న ప్రత్యేకత ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎల్లకు అవతల శిర, మధుగిరి తాలూకాలలో గుట్టలూ అవే, మందలూ అవే, కష్టాలూ ఇంచుమించు అవే. ఎల్ల దాటి మేత వెతికే కాపరికి రెండు ప్రభుత్వాల నిబంధనలు వర్తించేవి. అయితే ఆ కష్టాలను చెప్పుకొనే దారి మాత్రం వేరు.

1881లో పరిపాలన తిరిగి ఒడయరు వంశానికి దక్కిన సంవత్సరమే దివాను రంగాచార్లు మైసూరు ప్రజాప్రతినిధి సభను ఏర్పాటు చేశారు. తొలి సమావేశానికి 144 మంది హాజరయ్యారు. ఏటా దసరా వేళ తాలూకాల నుంచి వచ్చిన ప్రతినిధులు తమ ప్రాంతపు విన్నపాలను దివాను ముందుంచేవారు. ఆ సభకు చట్టం చేసే అధికారం లేదు. బడ్జెట్టును ఆపే అధికారమూ లేదు. మొదట సభ్యులందరూ నియమితులే. ఎన్నిక 1891లో వచ్చింది. ఇన్ని పరిమితులున్నా, తాలూకా పేరుతో, కన్నడంలో, రాజ్యపు ప్రధానాధికారి ఎదుట కష్టం చెప్పుకొనే చోటు అక్కడ ఉన్నది.

అదే సంవత్సరం రొళ్ల రైతుకు ఏ చోటు ఉన్నది? తాసీల్దారుకో కలెక్టరుకో అర్జీ పెట్టుకోవచ్చు. జమాబందీకి వచ్చిన అధికారికి మొరపెట్టుకోవచ్చు. మద్రాసులోని మండలిలో ఆ మాట వినిపించడానికి దారి లేదు. బ్రిటిషు ఏలుబడిలో ప్రాతినిధ్య సంస్థలు ముందు పుట్టి సంస్థానాలకు తరువాత పాకాయన్న సాధారణ అభిప్రాయం ఈ ఒక్క అంశంలో తలకిందులుగా ఉన్నది. మైసూరుది విన్నపమనీ, ప్రశ్న కాదనీ ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో నిజమున్నది. విన్నపం దయను కోరుతుంది, ప్రశ్న జవాబును కోరుతుంది. అయితే మద్రాసు మండలికి మొదట దక్కిన ప్రశ్న కూడా విన్నపానికి ఎంతో దూరంలో లేదు.

అనుబంధం లేని ప్రశ్న

బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న సంప్రదాయానికి 1721ని ఆరంభంగా చెబుతారు. దక్షిణ సముద్ర కంపెనీ కుంభకోణంలో పరారైన ఉద్యోగి గురించి ప్రభువుల సభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న అది. మన దేశంలో 1892 చట్టం తరువాత కేంద్ర మండలిలో తొలి ప్రశ్న 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా అడిగారు. ప్రభుత్వాధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారి విడిదికి సరుకులు సమకూర్చలేక గ్రామాల దుకాణదారులు పడే ఇక్కట్లు ఆ ప్రశ్నకు విషయం. దేశంలోని మొదటి చట్టసభ ప్రశ్న పన్నుల విధానం మీదో విదేశాంగ వ్యవహారాల మీదో కాక, గ్రామంలోకి అధికారి వచ్చినప్పుడు జరిగేదాని మీద రావడం గమనించదగినది.

ఆ ప్రశ్న నిర్మాణం పరిశీలించదగినది. సభ్యుడు ముందుగా నోటీసు ఇవ్వాలి. వాదం ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, ఊహ ఉండకూడదు. 'ఫలానా విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చినదా? వచ్చినచో ఏ చర్య తీసుకొనదలచినదో తెలుపుదురా?' అన్నదే అచ్చు. జవాబు చదివిన తరువాత చర్చ లేదు, మరో ప్రశ్న లేదు. 'సమాచారం లేదు', 'విచారిస్తున్నాము', 'లేదు' అన్న మాటలలో ఏది వచ్చినా అది తుది మాటే.

ఇటువంటి ప్రశ్నలో అడవి కష్టం ఎలా ఇముడుతుంది? కాపరి చెప్పేది కథ. ఏ రోజు, ఏ గుట్ట, ఎన్ని తలల మంద, ఎవరు తోలుకుపోయారు, విడిపించుకోవడానికి ఏమి ఇచ్చుకోవలసి వచ్చింది అన్నది ఆ కథలోని వస్తువు. ప్రశ్న అడిగేది వాస్తవం. తాలూకా, రిజర్వు పేరు, పశువుల సంఖ్య, వసూలైన రుసుము అన్నవి ప్రశ్నకు కావలసినవి. కథ నుంచి వాస్తవాన్ని విడదీసే క్రమంలో కాపరి చెప్పదలచిన అసలు మాట, అంటే నిబంధనను చూపించి కింది ఉద్యోగి చేసే దబాయింపు, తరచుగా జారిపోతుంది. లంచానికి రసీదు ఉండదు కనుక లంచం మీద ప్రశ్న ఉండదు. పైగా ఈ మార్పు తెలుగు నుంచి, మడకశిర వంటి చోట కన్నడం నుంచి, ఇంగ్లీషులోకి జరగాలి. శాఖను ప్రశ్నించడానికి కావలసిన అంకెలు ఆ శాఖ దగ్గరే ఉండటం మరో చిక్కు. అయినా ప్రశ్న వృథా కాలేదు. అచ్చయిన జవాబు మరుసటి ప్రశ్నకు ఆధారమయ్యేది. 'సమాచారం లేదు' అన్న జవాబు కూడా ఒక సమాచారమే. లక్షల ఎకరాలను రిజర్వు చేసిన శాఖ ఆ పని ఫలితాన్ని లెక్క చూసుకోలేదని అది చెబుతుంది.

గుత్తి నుంచి మద్రాసుకు

ఈ పరిమిత సాధనాన్ని అనంతపురం జిల్లా తరఫున నిలకడగా వాడినవారు పట్టు కేశవపిళ్లై (1860–1933). ఆయన గుత్తిలో స్థిరపడిన ప్లీడరు. 1885 నాటి తొలి కాంగ్రెసుకు ప్రతినిధి. 'ది హిందూ' పత్రికకు విలేఖరి. 1909 సంస్కరణల కాలం నుంచి మద్రాసు మండలిలో సభ్యులై, 1920 తరువాత ఏర్పడిన మండలికి ఉపాధ్యక్షులయ్యారు. 1922లో బ్రిటిష్ గయానాలోని భారతీయ కూలీల స్థితిని పరిశీలించడానికి వెళ్లిన బృందంలోనూ ఆయన ఉన్నారు.

కేశవపిళ్లై ప్రాముఖ్యం మూడు పాత్రలు ఒకే వ్యక్తిలో కలవడంలో ఉన్నది. ప్లీడరుగా అటవీ కేసులు కోర్టుకు ఎలా వస్తాయో ఆయనకు తెలుసు. విలేఖరిగా గ్రామపు కథను తేదీతో, స్థలంతో రాయడం తెలుసు. సభ్యునిగా దానిని నోటీసుగా మలచడం తెలుసు. ముందు చెప్పిన చిక్కు, అంటే కథ నుంచి వాస్తవానికి వెళ్లే దారి, ఆయన వృత్తిలోనే ఉన్నది. దత్తమండలాల రైతుల అటవీ కష్టాలను ఆయన పత్రికలోనూ మండలిలోనూ వదలకుండా ప్రస్తావించారు. 1909 నిబంధనలు అడిగిన సభ్యునికి అనుబంధ ప్రశ్న హక్కునూ, ప్రజా ప్రయోజన విషయాలపై తీర్మానం ప్రతిపాదించే హక్కునూ ఇచ్చాయి. అనుబంధ ప్రశ్నతో ప్రశ్న స్వభావమే మారింది. మొదటి ప్రశ్నకు జవాబు కార్యాలయంలో తయారవుతుంది. రెండవదానికి అధికారి అక్కడికక్కడే ఆలోచించాలి.

ఇటువంటి ప్రశ్నలు, 1890ల నుంచి కాంగ్రెసు సమావేశాలలో జరిగిన తీర్మానాలు, పత్రికా రచనలు, జిల్లా సభల విన్నపాలు కలిసి తెచ్చిన ఒత్తిడి నేపథ్యంలో మద్రాసు ప్రభుత్వం 1912లో అటవీ కమిటీని నియమించింది. కమిటీ నివేదిక 1913లో రెండు సంపుటాలుగా వెలువడింది. రెండవ సంపుటం సాక్ష్యాలది. మండలిలోని ప్రశ్నలో ఇమడని కథకు ఆ సాక్ష్యాలలో కొంత చోటు దొరికింది. పాలనా చరిత్రకే కాక భాషా చరిత్రకు కూడా ఇది విలువైన ఆకరం. తెలుగులో చెప్పినది ఇంగ్లీషులో నమోదైనప్పుడు ఏ మాట మిగిలింది, ఏ మాట మారింది అన్న దృష్టితో దీనిని చదవవలసి ఉన్నది.

కమిటీ సిఫార్సులలో ప్రధానమైనది శాఖ నేరుగా పాలించవలసిన అడవులనూ, గ్రామ అవసరాలు తీర్చే అడవులనూ వేరు చేసి, రెండవ తరహావాటిని గ్రామ పంచాయతీల నిర్వహణకు ఇవ్వడం. 1910ల మధ్య నుంచి అటవీ పంచాయతీలు ప్రయోగంగా మొదలయ్యాయి. పంచాయతీ ప్రభుత్వానికి ఏటా కొంత మొత్తం చెల్లించి, మేతను తానే క్రమపరచి, రుసుము తానే వసూలు చేసుకొనేది. 1920లలో ఈ అడవుల పర్యవేక్షణ అటవీ శాఖ నుంచి రెవెన్యూ శాఖకు మారింది. కుమాయూఁ కొండలలో వన పంచాయతీలు 1931లో వచ్చాయన్నది గుర్తుంచుకొంటే మద్రాసు ప్రయోగం ఎంత ముందరిదో తెలుస్తుంది. దీని లోపాలనూ దాచనక్కరలేదు. పంచాయతీ అంటే ఊరి పెద్దలే. గార్డు పోయి పెద్దరైతు వచ్చినచోట మేకల కాపరికి ఒరిగిందేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్నను మండలిలో అడిగేవారు లేరు; కాపరికి ఓటు లేదు.

రెండు 'రిజర్వు'లు

1919 చట్టం అనుబంధ ప్రశ్న హక్కును సభ్యులందరికీ ఇచ్చింది. పరిమిత ఓటుతోనైనా ప్రత్యక్ష ఎన్నికలు వచ్చాయి. అదే చట్టం శాఖలను రెండుగా చీల్చింది. విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన వంటివి ఎన్నికైన మండలికి జవాబుదారులైన మంత్రుల చేతికి వచ్చాయి. భూమిశిస్తు, పోలీసు వంటివి గవర్నరు కార్యనిర్వాహక మండలి కింద రిజర్వుడు శాఖలుగా మిగిలాయి. బొంబాయిలో అడవులు మంత్రికి బదిలీ అయ్యాయి. మద్రాసులో కాలేదు.

తెలుగు రైతు నోట 'రిజర్వు' అన్న మాటకు 1882 నుంచి ఒక అర్థం ఉన్నది: తాను అడుగు పెట్టరాని అడవి. 1919లో ఆ మాటకు రెండవ అర్థం చేరింది: తాను ఎన్నుకొన్నవారు శాసించలేని శాఖ. అడవి రైతు నుంచి రిజర్వు అయింది, అటవీ శాఖ రైతు ప్రతినిధి నుంచి రిజర్వు అయింది. ప్రశ్న పదునెక్కింది కాని, జవాబు తృప్తినివ్వకపోతే జవాబు చెప్పినవారిని తొలగించే అధికారం సభకు లేదు. గ్రాంటును కోసినా గవర్నరు తిరిగి చేర్చగలరు.

ఈ అగాధంలోనే 1921 అటవీ ఉద్యమాలను చూడాలి. కడప జిల్లా రాయచోటి ప్రాంతంలోనూ, గుంటూరు జిల్లా పల్నాడులోనూ జనం పర్మిట్లు లేకుండా పశువులను రిజర్వులలోకి తోలారు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించారు. సహాయ నిరాకరణ పిలుపు ఈ ఉద్యమాలకు తక్షణ ప్రేరణ. అయితే దాని వెనుక దాదాపు మూడు దశాబ్దాల ప్రశ్నోత్తరాల చరిత్ర ఉన్నది. ప్రశ్నలు ఫలించక ఉద్యమం వచ్చిందనడం కంటే, అడిగే హక్కు పెరిగిన కొద్దీ జవాబుదారీ లేమి మరింత స్పష్టమైందనడం సముచితం. అడగడం నేర్చిన సమాజానికి దాటవేత ఓర్చుకోరానిదవుతుంది.

1937, ఆ తరువాత

1935 చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ పాలనను తొలగించింది. 1937లో మద్రాసులో ఏర్పడిన మంత్రివర్గం కింద అడవులు సహా శాఖలన్నీ సభకు జవాబు చెప్పే మంత్రుల చేతికి వచ్చాయి. హిందూపురం ప్రాంతానికి చెందిన కల్లూరు సుబ్బారావు ఆ సభలో సభ్యులు. అదే సంవత్సరం నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసిన రాయలసీమ నాయకులలో ఆయన ఒకరు. సభా వ్యవహారాలు ఇంగ్లీషులోనే జరగాలన్నా, ఇంగ్లీషు తగినంత రానివారు మరో భాషలో మాట్లాడవచ్చునని ఆ చట్టపు 85వ సెక్షను అనుమతించింది. శిర తాలూకా ప్రతినిధికి 1881లో దొరికిన సొంత భాష రొళ్ల ప్రాంతపు ప్రతినిధికి మినహాయింపు రూపంలో 1937లో దొరికింది.

స్వాతంత్ర్యానంతర చరిత్ర ఈ వ్యాస పరిధికి వెలుపలిది. ఒక్క అంశం మాత్రం చెప్పుకోవాలి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం పాత చట్టం స్థానంలోకి వచ్చింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాలో చేర్చింది. 1980 చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించడానికి కేంద్రం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. కాలుష్య నియంత్రణ 1974 చట్టం కింద ఏర్పడిన మండళ్లకు చేరింది. ఇవన్నీ పర్యావరణ రక్షణకు అవసరమైనవే. కాని ఒక గుట్టకు సంబంధించిన ప్రశ్న నేడు అటవీ, రెవెన్యూ, గనుల శాఖల మధ్య, కాలుష్య నియంత్రణ మండలి, కేంద్ర ప్రభుత్వాల మధ్య పంచబడుతుంది. 1893లో జవాబు చెప్పవలసిన చోటు ఒకటే, చెప్పే బాధ్యత లేదు. ఇప్పుడు బాధ్యత ఉన్నది, చోటు చీలిపోయింది. శాసనసభలోని ప్రభుత్వ హామీల సంఘం వంటి ఏర్పాట్లు ఈ చీలికను కొంత పూడ్చడానికి ఉపకరిస్తాయి. శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరునికీ నిరాకరించరాదని 2005 నాటి సమాచార హక్కు చట్టంలో మొదట ఉన్న నిబంధన సభ్యుని ప్రశ్నకూ సామాన్యుని ప్రశ్నకూ ఉన్న బంధుత్వాన్ని గుర్తించింది.

ముగింపు

పై పరిశీలనలో మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ప్రశ్న బలం అనుబంధ ప్రశ్నలో ఉన్నది; ఒక్కసారి అడిగి ఊరుకోవలసిన ప్రశ్న విన్నపానికి మరో పేరు. రెండవది, ప్రశ్న ఎంత పదునైనదైనా జవాబుదారీ లేని శాఖ ముందు అది నమోదుగా మాత్రమే మిగులుతుంది. ఆ నమోదు కాలక్రమంలో కమిటీగా, కమిటీ పంచాయతీగా మారగలదు. మూడవది, గ్రామపు కథను వాస్తవంగా మలచే మధ్యవర్తి లేకపోతే సభలో ప్రశ్న పుట్టదు. కేశవపిళ్లై వంటివారి స్థానం అక్కడ ఉన్నది.

1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు వచ్చినప్పుడు వాటిని కొత్త ఆలోచనగానే చూశాం. దాదాపు ఎనభై ఏళ్ల ముందరి అటవీ పంచాయతీల అనుభవం ఆ చర్చలో చోటు చేసుకోలేదు. ప్రశ్నోత్తరాల సంపుటాలను సాహిత్యేతర పత్రాలుగా పక్కన పెట్టిన మన పరిశోధనా రంగానికి ఇందులో కొంత బాధ్యత ఉన్నది. ఒక సమాజం తన పాలకులను ఏమి అడిగింది, ఏ మాటలలో అడిగింది అన్నది ఆ సమాజపు భాషా చరిత్రలో భాగమే. రొళ్ల గుట్ట మీది మేకల కాపరి మాట మద్రాసు మండలి ప్రశ్నగా మారేసరికి ఎంత మిగిలిందో కొలవడానికి పాలనా భాషతో పాటు ఆ కాపరి భాష కూడా తెలిసినవారు కావాలి. ఆ పని తెలుగు శాఖలు చేయవలసినది.